మిర్యాలగూడ షెడ్డులో రాగి ప్లాంటు: పని డైరీ

డిసెంబర్

రాయి దిగింది. మధ్య భారతంలోని ఒక గని నుంచి ఇరవై టన్నులు. లారీని వెనక్కి తీసి షెడ్డు గేటు దాటించేసరికి చీకటి పడింది. పొద్దున మేస్త్రి వచ్చి కుప్ప చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ఆకుపచ్చ మరకలున్న రాళ్లన్నీ ఏరి గోడవారగా పేర్చాడు.

"సార్, రాగి అంటే ఇదే గదా. బిందెకు పట్టిన చిలుము రంగే ఉన్నది."

రంగు మాట నిజమే. కానీ మాకు తలనొప్పి తెచ్చేది కూడా ఆ రాయే. గనిలో పై మెట్ల దగ్గర వాననీళ్లు, గాలి తగిలి గంధకం కలిసిన సల్ఫైడ్ ఖనిజం కాస్తా ఈ ఆకుపచ్చ మాలకైట్‌గా మారిపోతుంది. రుబ్బిన రాయిని నీళ్లలో కలిపి, గాలి బుడగలతో ఖనిజాన్ని నురగలోకి తేల్చడాన్ని ఫ్లోటేషన్ అంటారు. అందులో రాగిని పట్టుకునే మందు శాంథేట్. అది సల్ఫైడ్‌ను పట్టినట్టు మాలకైట్‌ను పట్టదు. మాకు కావలసింది ఇత్తడి రంగులో మెరిసే చాల్కోపైరైట్. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఇది. అచ్చంగా అదొక్కటే ఉంటే 34.6 శాతం రాగి. రాయిలో మాత్రం అది అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. కుప్ప మొత్తం నుంచి నమూనా తీసి పరీక్షిస్తే 0.9 శాతం రాగి తేలింది. అందులో యాసిడ్‌లో కరిగేది, అంటే మేస్త్రి ఏరిన రకం, 0.05. ఈ అంకె గోడ మీద పెద్దగా రాయించాను. రేపు రికవరీ, అంటే రాయిలోని రాగిలో మా చేతికొచ్చే వంతు, తక్కువొస్తే ముందు ఇంత భాగం పక్కన పెట్టి మాట్లాడుకోవాలి.

రాగి గని ఎక్కడ, మిర్యాలగూడ ఎక్కడ అని చుట్టాలు అడుగుతూనే ఉన్నారు. తెలుగు నేల మీద రాగి అంటే పాతవాళ్లకు గుర్తొచ్చేవి ఖమ్మం వైపు మైలారం, గుంటూరు వైపు అగ్నిగుండాల. ఇప్పుడు దేశంలో పెద్ద గనులు మధ్యప్రదేశ్‌లో మలంజ్‌ఖండ్, రాజస్థాన్‌లో ఖేత్రి, జార్ఖండ్‌లో సింగ్‌భూమ్ పట్టీ. నల్గొండకు దాంతో సంబంధం లేదు. కానీ ఇక్కడున్నన్ని రైస్ మిల్లులు, వాటిని ఆగకుండా నడిపించే వర్క్‌షాపులు వేరే చోట దొరకవు. ఎలివేటర్, స్క్రూ కన్వేయర్, గేర్ బాక్స్, జల్లెడ ఏదైనా కాగితం మీద గీసి ఇస్తే చాలు, మూడో రోజుకు తయారు. గంటకు వంద కిలోలు రుబ్బి, తేలించి, వడకట్టే చిన్న పైలట్ ప్లాంటు కట్టాలి. దాని మీద వచ్చిన అంకెలతో గని దగ్గర రోజుకు 500 టన్నుల ప్లాంటు డిజైన్ చేయాలి. అందుకు ఈ ఊరే సరైంది.

జనవరి, సంక్రాంతికి ముందు

ముందు బాల్ మిల్లు, అంటే గుండ్లతో రాయిని రుబ్బే డ్రమ్ము. ప్లాంటు మొత్తంలో ఎక్కువ కరెంటు తినేది ఇదే కాబట్టి లెక్క ఇక్కడ మొదలవ్వాలి.

1952లో ఫ్రెడ్ బాండ్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. రాయి గట్టిదనానికి ఒక అంకె ఉంటుంది, దాన్ని వర్క్ ఇండెక్స్ అంటారు. ఈ రాయికి టన్నుకు 13 యూనిట్లు అనుకున్నాం. 10 మిల్లీమీటర్ల రాయిని 75 మైక్రాన్లకు తేవాలి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మైక్రాన్లలో రెండింటికీ వర్గమూలాలు తీస్తే 100, 8.66. వాటి విలోమాల తేడా 0.1055. దాన్ని పదితో, పదమూడుతో గుణిస్తే టన్నుకు 13.7 యూనిట్ల కరెంటు. గంటకు వంద కిలోలంటే 1.4 కిలోవాట్లు కూడా లేదు. చిన్న మిల్లులు పెద్దవాటంత పొదుపుగా రుబ్బవు కాబట్టి దిద్దుబాటు వేస్తే 1.8 దాటింది.

లోపలి వ్యాసం 60 సెంటీమీటర్లు, పొడవు 90. మూడో వంతు పైచిలుకు గుండ్లు నింపితే నాలుగు వందల కిలోల ఉక్కు. ఈ సైజు డ్రమ్ములో గుండ్లు కింద పడకుండా గోడకు అంటుకుపోయే వేగం నిమిషానికి 54 చుట్లు దాటాక వస్తుంది. అంతకు నాలుగింట మూడొంతుల లోపు, 39 చుట్ల దగ్గర తిప్పాలి. 5 హెచ్‌పీ మోటారు సరిపోతుంది.

ఇదంతా చెబుతుంటే మేస్త్రి ఓపిగ్గా విని, "డ్రమ్ము రోలింగ్ మెషీన్ మీద చుట్టొచ్చు సార్. కానీ చుట్టూ పళ్ల చక్రం అంటే ఇక్కడ కాదు. చైన్ స్ప్రాకెట్ పెడదాం" అన్నాడు. ఈ సైజుకు అది చాలు. లోపల రబ్బరు లైనర్ బోల్టులతో బిగించారు. గుండ్లు 40, 25 మిల్లీమీటర్లవి కలిపి వేశాం.

రాయిని ముందుగా నలగ్గొట్టే జా క్రషర్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. దాని మీద రాయి పడేచోట నీటి జల్లు తప్పనిసరి చేశాను. ఈ రాయిలో సగానికి పైగా పలుగురాయే. పొడి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక నయం చేసే మందు లేదు. మూతికి తువ్వాలు కట్టుకుంటాం అంటే ఒప్పుకోలేదు. ఆ సన్నటి దుమ్మును తువ్వాలు ఆపదు. జల్లు ఆగితే క్రషర్ కూడా ఆగేలా నీటి పంపు, క్రషర్ రెండింటికీ ఒకే స్టార్టర్ పెట్టించాను.

ఫిబ్రవరి

మిల్లు నుంచి వచ్చే గుజ్జులో మెత్తగా నలిగింది ఫ్లోటేషన్‌కు పోవాలి, నలగనిది వెనక్కి రావాలి. పెద్ద ప్లాంట్లలో ఈ పని హైడ్రోసైక్లోన్లు చేస్తాయి. మేం స్పైరల్ క్లాసిఫయర్ పెట్టాం. ఏటవాలు తొట్టిలో స్క్రూ నెమ్మదిగా తిరుగుతూ అడుగున దిగిన ముతకను పైకి లాగుతుంది, సన్నది గట్టు మీదుగా పొర్లి పోతుంది. వడ్ల స్క్రూ చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక్క మాటే చెప్పాల్సి వచ్చింది: వడ్ల స్క్రూ పరిగెత్తాలి, ఇది పాకాలి. వేగం పెరిగితే తొట్టిలో నీళ్లు కలక్కుండా నిలవవు.

ఫ్లోటేషన్ సెల్స్ లెక్క సులువు. గుజ్జులో ముప్పై శాతం రాయి, మిగతాది నీళ్లు. నిమిషానికి నాలుగున్నర లీటర్లు వస్తుంది. పావుగంట సేపు సెల్స్‌లో ఉండాలంటే 68 లీటర్లు, గాలి బుడగలకు చోటు కలిపితే 80. ఇరవై లీటర్ల సెల్స్ నాలుగు. ముందు వైపు అద్దంలాంటి ఆక్రిలిక్ షీటు పెట్టించాను. గని వాళ్ల ప్రతినిధి వచ్చి చూసి, ఖర్చు దండగ అన్నాడు. నురగ ఎంత లోతుందో, అడుగున ఇసుక పేరుకుంటోందో లేదో కళ్లతో చూడలేకపోతే ఆపరేటర్‌కు ఏం నేర్పిస్తాం? ఆ షీటు ఉంచాను.

మందులు పోసే సంగతి చెప్పాలి. టన్నుకు 30 గ్రాముల శాంథేట్ అంటే మాకు గంటకు మూడు గ్రాములు. ఒక శాతం ద్రావణం చేస్తే నిమిషానికి ఐదు మిల్లీలీటర్లు. ఇంత సన్నగా పోసే పంపులు ఖరీదు. అందుకని మెడికల్ షాపులో సెలైన్ సెట్లు తెచ్చాం. ఇన్ని సెట్లు ఒకేసారి అడిగేసరికి షాపతను కంగారుపడి, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగాడు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కల సెట్టు, నిమిషానికి వంద చుక్కలు. సీసాలో మట్టం తగ్గేకొద్దీ ధార కూడా తగ్గుతుంది. మూత గాలి చొరకుండా బిగించి, ఒక సన్న గొట్టాన్ని సీసా అడుగు దాకా దించితే ఆ తేడా పోతుంది. గాలి అడుగు నుంచే లోపలికి రావాలి కాబట్టి, సీసా నిండుగా ఉన్నా సగమే ఉన్నా ధార ఒక్కటే.

శాంథేట్ డ్రమ్ము గురించి గొడవ పడాల్సి వచ్చింది. వెల్డింగ్ చేసే చోటు పక్కనే నీడ ఉందని అక్కడ పెట్టారు. శాంథేట్‌కు తేమ, వేడి తగిలితే కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి వస్తుంది. అది అంటుకోవడానికి నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, బాగా కాలిన ఇనుము చాలు. ఆ రోజే డ్రమ్మును షెడ్డు బయట, గాలి ఆడే వేరే గదికి మార్పించాను. మూత తీస్తే కుళ్లిన క్యాబేజీ వాసన. ఆ వాసన ఘాటుగా ఉన్న రోజున సరుకు పాడవుతోందని అర్థం.

మార్చి

మొదటిసారి నురగ కట్టింది.

సున్నం పిడుగురాళ్ల నుంచి. కృష్ణ దాటితే అటువైపే కాబట్టి రవాణా ఖర్చు పెద్దగా లేదు. సున్నం ఎందుకంటే, రాయిలో చాల్కోపైరైట్‌తో పాటు పైరైట్ కూడా ఉంది. అందులో రాగి లేదు, ఇనుము, గంధకం మాత్రమే. శాంథేట్‌కు ఆ తేడా పట్టదు, రెండింటినీ లేపుతుంది. పీహెచ్ 11 దగ్గర ఉంచితే పైరైట్ తడిసి కింద ఉండిపోతుంది. మిల్లులోనే సున్నం వేస్తున్నాం, రుబ్బేటప్పుడే బాగా కలిసిపోతుందని.

నురగను మాటల్లో నేర్పడం కష్టం. మొదటి సెల్‌లో బుడగలు చిన్న గోళీలంత, మీద ఇత్తడి పొర. వేలితో తీసి గోరు మీద రుద్దితే మెరుపు మిగులుతుంది. రెండో సెల్‌కు రంగు బూడిదవుతుంది. నాలుగో దానిలో బుడగ తెల్లగా, అద్దంలా, ఏమీ మోయకుండా పగులుతుంది. ముందు సెల్‌లోనే బుడగలు సన్నగా, జిగటగా, సబ్బు నురగలా పొర్లిపోతుంటే నురగ మందు ఎక్కువైందని, బురద కూడా లేస్తోందని లెక్క. కొత్తగా చేరిన ఆపరేటర్లిద్దరూ ఇంటర్ చదివిన కుర్రాళ్లు. నురగ పొంగినప్పుడల్లా సంబరపడేవాళ్లు. పొంగు చూసి కాదు, దాని బరువు చూసి సంబరపడమని చెప్పాను.

పరీక్షలు చేసే అమ్మాయి నల్గొండ నుంచి రోజూ బస్సులో వస్తుంది. నురగతో వచ్చిన రాగి పొడిని కాన్సన్‌ట్రేట్ అంటాం. అందులో రాగిని టైట్రేషన్‌తో తేలుస్తాం. ద్రావణంలో పొటాషియం అయొడైడ్ వేస్తే రాగి దాన్నుంచి అయొడిన్‌ను విడగొడుతుంది, ఆ అయొడిన్‌ను థయోసల్ఫేట్‌తో కొలుస్తాం. చివర్లో గంజి వేస్తే ముదురు నీలం, ఇంకొన్ని చుక్కలకు ఆ నీలం పోయి పాలలాంటి తెలుపు. ఇనుము అడ్డు తగలకుండా ముందే ఫ్లోరైడ్ ఉప్పు వేయాలి. నల్గొండ మనిషి చేతికి ఫ్లోరైడ్ డబ్బా ఇస్తే ఎలా చూస్తుందో చెప్పక్కర్లేదు. రాగి తీశాక మిగిలే గుజ్జును టైలింగ్స్ అంటాం. అందులో రాగి మరీ తక్కువ కాబట్టి ఆ నమూనాలు హైదరాబాద్ ల్యాబుకు పంపుతున్నాం.

నెలాఖరు అంకెలు: రాయిలో 0.9, కాన్సన్‌ట్రేట్‌లో 18, టైలింగ్స్‌లో 0.21. ఈ మూడూ ఉంటే తూకం లేకుండానే రికవరీ లెక్క కట్టొచ్చు. 77.6 శాతం. అంటే గని నుంచి వచ్చిన రాగిలో ఐదో వంతుకు పైగా టైలింగ్స్ పైపులోంచి బయటకు పోతోంది.

ఏప్రిల్

కాలువ ఆగింది. ఇన్నాళ్లూ సాగర్ ఎడమ కాలువ నీళ్లతో నిండిన చెరువు నుంచి ట్యాంకర్ తెప్పించేవాళ్లం. ఇప్పుడు బోరు నీళ్లకు మారాం. మారిన రోజే సున్నం వాడకం పెరిగింది. పీహెచ్ 11కు తెస్తే కాసేపటికి జారిపోతోంది. పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ మీద, సున్నం పైపుల్లో తెల్లటి పొర.

మన జిల్లాలో నీళ్ల కథ అందరికీ తెలుసు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ఫ్లోరైడ్ తీయడానికి రూపొందించిన పద్ధతికి పేరే 'నల్గొండ పద్ధతి'. అందులో నీళ్లలో సున్నం, పటిక కలుపుతారు. మాకు అడ్డొచ్చింది ఫ్లోరైడ్ కాదు, ఆ నీళ్లలోనే ఉండే బైకార్బొనేట్. సున్నం వేయగానే ముందు అదే పట్టుకుని కాల్షియం కార్బొనేట్‌గా కింద పడుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల క్షారత ఉన్న నీళ్లయితే, మాకు పట్టే నీళ్ల లెక్కన టన్ను రాయికి దాదాపు నాలుగు వందల గ్రాముల సున్నం నీళ్లకే ఖర్చవుతుంది. ఇంకా రాయి వంతు మొదలే కాలేదు.

సున్నం డబ్బు కంటే నాకు పట్టింది వేరు. ఈ బోరు నీళ్లతో తీసిన అంకెలు గని దగ్గర పనికిరావు. అక్కడి నీళ్లు వేరు. పెద్ద ప్లాంటులో నీళ్లు టైలింగ్స్ నుంచి తిరిగి తిరిగి వస్తాయి. అందులో మిగిలిపోయిన మందులు, కాల్షియం, సల్ఫేట్ అన్నీ పోగవుతాయి. గని నీళ్లు ట్యాంకర్‌లో పంపమని రాశాను. నీళ్లు కూడా పంపాలా అని ఫోన్లో నవ్వారు. పంపారు.

ఈలోగా రికవరీ 77 నుంచి కదల్లేదు. శాంథేట్ పెంచి చూశాం, కాన్సన్‌ట్రేట్ రాగి శాతం పడిపోయింది, టైలింగ్స్ అంకె అలాగే ఉంది. గని నుంచి వచ్చిన సలహాదారు ఇంకో కంపెనీ మందు వాడమని పట్టుబట్టాడు. మందు అమ్మేవాళ్లు ఎప్పుడూ మందే లోపం అంటారు. నేను మందుల సీసాలు ముట్టుకోవద్దని చెప్పి, టైలింగ్స్‌ను సైజుల వారీగా విడదీయించాను.

విడదీయడం ఇలా. జల్లెడలతో 38 మైక్రాన్ల దాకా వస్తుంది. అంతకన్నా సన్నది నీళ్లలో తేర్చాలి. పొడవాటి గాజు బీకర్‌లో గుజ్జు కలిపి నిలబెట్టాలి. 20 మైక్రాన్ల పలుగు రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి మా షెడ్డు వేడిలో నాలుగు నిమిషాల లోపే పడుతుంది. ఆ సమయం కాగానే పై పది సెంటీమీటర్ల నీళ్లు సైఫన్‌తో లాగేయాలి. మళ్లీ నీళ్లు పోసి, కలిపి, మళ్లీ లాగాలి. పై నీళ్లు తేటపడే దాకా ఇదే పని. ఆ అమ్మాయికి ఉన్న ఓపిక నాకు లేదు.

ల్యాబ్ నుంచి వచ్చిన అంకెలు బోర్డు మీద రాశాం. 150 మైక్రాన్లకు పైన బరువులో 12 శాతం, అందులో రాగి 0.55. 150 నుంచి 20 మధ్య బరువు 60 శాతం, రాగి 0.09. 20 కన్నా సన్నది 28 శాతం, రాగి 0.32. గుణించి కూడితే 0.21 సరిగ్గా వస్తుంది. నష్టపోతున్న రాగిలో ముతకలో మూడో వంతు దాకా, మెత్తటి బురదలో పదింట నాలుగు వంతులకు పైగా. మధ్య సైజులో మందులు తమ పని తాము చేస్తున్నాయి.

షెడ్డు యజమాని రైస్ మిల్లు సేటు. కిరాయికని వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. ముతకలో రాగి ఎందుకు ఉండిపోయిందో చెప్పాను, పలుగు లోపల ఇరుక్కుని బయటపడలేదని.

"పొట్టు ఊడని వడ్లన్నట్టు. మరి ఈ మెత్తటిదాంట్ల ఎందుకు పోయింది?"

"ఎక్కువ నలిగింది. అంత సన్న రేణువు బుడగకు తగలదు, పక్క నుంచి నీళ్లతో పాటు జారిపోతుంది."

"అంటే నూక అయితుంది సార్. బియ్యంల నూక ఎక్కువైతే మేం పాలిషర్‌ను తిట్టం. బియ్యం రెండుసార్లు ఎక్కడ పడుతున్నదో చూస్తం."

ఆయన అన్నది క్లాసిఫయర్ గురించేనని నాకు వెంటనే తట్టింది. చాల్కోపైరైట్ సాంద్రత 4.2, పలుగుది 2.65. నీళ్లలో మునిగినప్పుడు 75 మైక్రాన్ల పలుగు రేణువు ఎంత వేగంగా దిగుతుందో, 54 మైక్రాన్ల చాల్కోపైరైట్ కూడా అంతే వేగంగా దిగుతుంది. క్లాసిఫయర్‌కు సైజు తెలియదు, దిగే వేగమే తెలుసు. అప్పటికే విడిపడ్డ రాగి రేణువు బరువు వల్ల అడుగుకు చేరి, స్క్రూతో పైకెక్కి, మళ్లీ మిల్లులో పడుతోంది. రాయి ఒక చుట్టు తిరిగితే రాగి ఎన్నో చుట్లు తిరుగుతోంది.

రుజువు కోసం స్క్రూ పైకి లాగే ఇసుకను ఒక దోసెడు తీసి స్టీల్ పళ్లెంలో వేసి నీళ్లు పోసి ఊపాం. పలుగు జారిపోయాక అంచున ఇత్తడి గీత మిగిలింది. మిల్లులోకి పోసే రాయిని నలగ్గొట్టి అలాగే ఊపితే అందులో పావు వంతు గీత కూడా రాలేదు.

మే

దిద్దుబాటుకు వరుస ముఖ్యం. ముతక తగ్గాలంటే క్లాసిఫయర్ గట్టు ఎత్తాలి, అప్పుడు పొర్లేది సన్నబడుతుంది. కానీ ముందే అది చేస్తే వెనక్కి పోయే సరుకు పెరిగి, రాగి ఇంకా నూకవుతుంది. కాబట్టి ముందు మిల్లుకు, క్లాసిఫయర్‌కు మధ్య ఒక సెల్ పెట్టాం. మిల్లు నుంచి వచ్చిన గుజ్జు నేరుగా దాన్లో పడుతుంది. విడిపడ్డ రాగి అక్కడే నురగెక్కి బయటికి వస్తుంది, మిగిలింది క్లాసిఫయర్‌కు. దీన్ని ఫ్లాష్ ఫ్లోటేషన్ అంటారు. ఫిన్లాండ్ వాళ్లు 1980ల్లో పెద్ద ప్లాంట్లలో పెట్టారు. మేస్త్రి ఆ సెల్ అడుగు శంకువులా చేశాడు, ముతక ఇసుక పేరుకోకుండా నేరుగా జారిపోవడానికి.

యాసంగి వడ్లు మిల్లులకు చేరే రోజులు కావడంతో వర్క్‌షాపు మా పని పక్కన పెట్టింది. ఎలివేటర్ బకెట్లు తెగిన మిల్లు ముందు, రాగి ప్లాంటు తర్వాత. అది న్యాయమే. రాత్రి పూట వెల్డర్ వచ్చి చేసిపెట్టాడు. అచ్చంపేట అతను, గుజరాత్ నుంచి ఒడిశా దాకా సైట్లు తిరిగినవాడు. డ్రాయింగ్ అడగడు, అంచు మీద సుద్దతో గీత గీస్తే చాలు.

సెల్ నడిచిన మొదటి పూటే దాని నురగ చూసి కుర్రాళ్లు పని ఆపి నిలబడ్డారు. బుడగ మీద ఖాళీ లేదు. శుభ్రం చేయకుండానే ఇరవై దాటింది రాగి శాతం. ఆ తర్వాత గట్టు ఎత్తాం. మొదటి సెల్స్ నుంచి వచ్చిన నురగను ఇంకోసారి కడిగే క్లీనర్ సెల్ కూడా ఇప్పుడే కలిపాం.

ఈ నెలలో విసిగించింది కరెంటు. సాయంత్రం గాలిదుమారం రాగానే లైన్ ట్రిప్. మిల్లు ఆగినా ఫర్వాలేదు. క్లాసిఫయర్ ఆగితే ముతక ఇసుక స్క్రూ చుట్టూ దిగి గట్టిపడుతుంది. కరెంటు రాగానే స్టార్టర్ నొక్కితే బెల్టు కాలిన వాసన, షాఫ్ట్ మెలి. పెద్ద ప్లాంట్లలో స్క్రూను పైకెత్తే ఏర్పాటు ఉంటుంది. మేస్త్రి దూలానికి చైన్ బ్లాక్ వేలాడదీశాడు. కరెంటు పోతే ఎవరూ చెప్పకుండానే ఒకడు గొలుసు లాగుతాడు, ఒకడు సెల్స్ అడుగున బిరడాలు తీస్తాడు. పెద్ద ప్లాంటు డ్రాయింగ్‌లో ఇప్పుడు మొదటి వరుసలో రాసినవి ఇవే: ఎత్తే ఏర్పాటు, డ్రెయిన్లు, ఒలికిన గుజ్జు ఒక మూలకు చేరేలా నేల వాలు, అక్కడో సంప్ పంపు. డిజైన్ ఆఫీసుల్లో నేల వాలును చివరికి వదిలేస్తారు. రాత్రి షిఫ్టులో మోకాటి లోతు గుజ్జు తోడినవాడికి అది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

కాన్సన్‌ట్రేట్ ఎండబెట్టడం మీద ఒక మాట. నలభై నాలుగు డిగ్రీల ఎండ ఉంది కదా అని డాబా మీద పరిచేద్దామన్నారు. నమూనాలకు వద్దన్నాను. సల్ఫైడ్ పొడి తడి మీద ఎండలో ఉంటే పైన ఆక్సీకరణం మొదలవుతుంది, తర్వాత చేసే పరీక్షలన్నీ అబద్ధం చెబుతాయి. ఓవెన్‌లో తక్కువ వేడి మీద, సాయంత్రం పెట్టి పొద్దున తీస్తున్నాం.

జూన్

గని నీళ్లతో, కొత్త వరుసలో, వానలకు ముందు ఎడతెగకుండా నడిపిన అంకెలు: రాయిలో 0.9, కాన్సన్‌ట్రేట్‌లో 24, టైలింగ్స్‌లో 0.12. రికవరీ 87 శాతం. శాంథేట్ మోతాదు మార్చలేదు, కంపెనీ మార్చలేదు. సలహాదారు రిపోర్టులో మాత్రం మందుల గురించి ఒక పేజీ అలాగే ఉంది.

మిగిలిన పదమూడులో ఐదున్నర దాకా ఆ చిలుము రంగు రాయిదే. దానికి సోడియం హైడ్రోసల్ఫైడ్ వేసి పైన సల్ఫైడ్ పూత కట్టించి తేలించే పద్ధతి ఉంది. ఈ కొంచెం కోసం ఆ మందు, దాని గ్యాస్ ప్రమాదం నెత్తికెత్తుకోవద్దని రాశాను. గనిలో పై మెట్ల రాయిని వేరే కుప్పగా పెట్టుకుంటే అంతకంటే చవక.

500 టన్నుల ప్లాంటుకు వచ్చిన లెక్కలు: ముప్పై టన్నుల పైచిలుకు రాయికి ఒక టన్ను కాన్సన్‌ట్రేట్. రోజుకు పదహారు టన్నులు, లారీకి సరిపడేంత. మిగతా 480 టన్నులకు పైగా టైలింగ్స్. ప్లాంటు అని పిలుస్తాం కానీ టన్నుల లెక్కన చూస్తే ఇది ఇసుక, బురద తయారుచేసే ఫ్యాక్టరీ. అందుకే మిల్లు కంటే ముందు టైలింగ్స్ చోటు తేల్చమన్నాను: చిక్కబరిచే థిక్కెనర్, నీళ్లు వెనక్కి తెచ్చే పంపు, ముతక భాగాన్ని భూగర్భంలో తవ్వేసిన ఖాళీల్లో నింపే వీలుందా అన్న పరీక్ష. రుబ్బడానికి లెక్క ప్రకారం 285 కిలోవాట్లు. నష్టాలు, మార్జిన్ కలిపి మోటారు ఎంచుకోవాలి. క్లాసిఫయర్ స్థానంలో సైక్లోన్లు వస్తాయి, వాటికీ బరువు రోగం ఉంటుంది కాబట్టి ఫ్లాష్ సెల్ ఉండాల్సిందే. ధర ఎక్కువని తీసేయమంటే ఏమవుతుందో చూపించడానికి ఏప్రిల్ బోర్డు ఫోటో జతచేశాను.

యంత్రాలు బిగించిన చట్రాలు (స్కిడ్లు) విప్పి లారీలకు ఎక్కించే పని మొదలైంది. గని దగ్గర ఈ చిన్న ప్లాంటునే మళ్లీ నిలబెట్టి, అక్కడి ఆపరేటర్లకు శిక్షణ ఇస్తాం. మన కుర్రాళ్లిద్దరూ వస్తున్నారు. ఒకడి అమ్మ వచ్చి అంత దూరం ఎందుకు సార్ అని అడిగింది, భోజనం సంగతి గట్టిగా వాకబు చేసి ఒప్పుకుంది. మేస్త్రి రాడు, వానాకాలం మిల్లు పనులు ఒప్పుకున్నాడు.

వెళ్లే సామాన్లలో పీహెచ్ ఎలక్ట్రోడ్లు రెట్టింపు రాయాలి. సెలైన్ సెట్లు ఇక్కడే కొనుక్కుని పోవాలి. సున్నం ట్యాంకు అజిటేటర్ షాఫ్ట్ కొంచెం వంగి ఊగుతోంది, ఎక్కించే ముందు లేత్‌కు పంపాలి.